మంచు పడని ఏడు కూడా కిస్తీ కట్టాలి

(భీమవరంలో పికప్ బండ్లు, వరికోత మిషన్లు నడిపే యజమానుల సమావేశంలో, అమెరికాలోని బఫెలోలో స్థిరపడిన ఒక తెలుగు వ్యాపారి చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారమండి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, అదీ భోజనాలయ్యాక, నన్ను నిలబెట్టి మంచు గురించి చెప్పమన్నారు. ఎవరైనా కునుకు తీసినా నేనేమీ అనుకోను. మనకి ఇక్కడ మంచంటే ధనుర్మాసంలో కాలువ గట్టు మీద ఎదుటి బండి కనపడకుండా కమ్మే పొగమంచు, లేదంటే రొయ్యల ట్రేలలో పోసే ఐసు. మూడో రకం మంచు చూడాలంటే మా ఊరు రావాలి. (నవ్వులు)

మా స్వగ్రామం పాలకొల్లు దగ్గర. ఇప్పుడుండేది న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో. న్యూయార్క్ అనగానే మేడలు అనుకోకండి. మేమున్నది రాష్ట్రానికి ఈ చివర, ఈరీ సరస్సు ఒడ్డున. నయాగరా జలపాతం అరగంట దూరం. ఎండాకాలమంతా నా పికప్ ట్రక్కులు తోటపని, గడ్డికోత సామాను మోస్తాయి. నవంబరు వచ్చిందంటే అవే ట్రక్కులకు ముందు ఇనప బ్లేడు తగిలించి బ్యాంకులు, క్లినిక్కులు, పెట్రోలు బంకులు, చర్చిల పార్కింగుల్లో మంచు తోస్తాం. మార్చి దాకా అదే పని.

మీరు మంచు తోయనక్కర్లేదు. కానీ బండి ఫైనాన్సులో కొనుక్కుని ఆకాశం వైపు చూస్తూ కూర్చునే వ్యాపారం మీదీ, నాదీ కూడా. నేను చెప్పడానికి వచ్చింది ఆ సంగతే. వాతావరణం తేడా చేస్తే ఆ నష్టం ఎవరి నెత్తిన పడాలో ముందే కాగితం మీద రాసుకోవడం, మా వ్యాపారంలో అసలు పని అది. ట్రక్కు తోలడం తర్వాత.

అయినా ట్రక్కు గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు కదా. ముందు అది కానిద్దాం.

మీ అందరికీ ఎకరం లెక్క తెలుసు. ఎకరం నేల మీద అంగుళం మందాన పొడి మంచు పడితే వంద ఘనపు మీటర్లు పైమాట. కరిగితే పది టన్నుల నీళ్లు. అదే తడి మంచయితే దానికి రెట్టింపు బరువు. రెండెకరాల పార్కింగు మీద రాత్రి ఆరంగుళాలు పడిందనుకోండి, తెల్లారేలోపు నూట ఇరవై టన్నులు పక్కకి తోయాలి. పదెకరాల సూపర్ మార్కెట్లకు పికప్ చాలదు, అక్కడ పెద్ద లోడర్లు పెడతారు. చిన్నవీ, మధ్యరకమువీ, లోడరు తిరగలేని ఇరుకు స్థలాలూ మా వాటా.

మేం వాడేవి ఫోర్డ్ ఎఫ్-250, 350, షెవర్లే సిల్వరాడో 2500, రామ్ 2500 లాంటి బరువు ట్రక్కులు. ఎనిమిది అడుగుల బ్లేడు, దాన్ని ఎత్తి దించే హైడ్రాలిక్ సెట్టు కలిపి నాలుగు వందల కిలోల దాకా ముందు వేలాడుతుంది. మన బొలెరోకి అంత బరువు ముందు కడితే వెనక చక్రాలు సెల్యూట్ కొడతాయి. అందుకే ఫ్యాక్టరీలోనే బ్లేడు కోసమని ముందు స్ప్రింగులు గట్టివి, బ్యాటరీకి ఛార్జి ఎక్కించే ఆల్టర్నేటరు పెద్దది వేయించుకుని కొంటాం. వెనక యాక్సిలు దాటాక ఇసక బస్తాలు వేసి తూకం సరిచేస్తాం. ఆ ఇసకే, బండి ఎక్కడైనా జారి ఆగిపోతే చక్రాల కింద చల్లుకోవడానికి పనికొస్తుంది.

బ్లేడు కింది అంచుకి స్ప్రింగులుంటాయి. మంచు కింద కనపడని మ్యాన్‌హోల్ మూత అంచుకి తగిలితే ఆ అంచు వెనక్కి మడుచుకుని మళ్లీ లేస్తుంది. లేకపోతే బండి ఉన్నపళాన ఆగి డ్రైవరు ముక్కు స్టీరింగుకి. సీటు బెల్టు పెట్టుకోని కుర్రాణ్ని నేను పనిలో ఉంచను.

ట్రక్కుని ఏది చంపుతుందో చెప్తాను. బరువు కాదు, తొందర. ముందుకి తోసి, బండి ఇంకా కదులుతుండగానే రివర్సు వేసేస్తారు. రాత్రంతా వందలసార్లు అదే. గేరుబాక్సు ఒక్క సీజనులో పోతుంది. రెండోది, ఒక సైటు నుంచి ఇంకో సైటుకి వెళ్లేటప్పుడు బ్లేడు ఎత్తి నిటారుగా పెట్టుకుంటే రేడియేటరుకి గాలి తగలదు. బయట మైనస్ పదిలో ఇంజను వేడెక్కి ఆగిపోతుంది, చూసినవాడు నమ్మడు. బ్లేడుని ఓ పక్కకి తిప్పి, కొంచెం దించి, నెమ్మదిగా వెళ్లాలి. ఇంక సీటు కింద ఒక హైడ్రాలిక్ పైపు, ఆయిలు, పిన్నులు, బ్లేడు మోటారుకి కరెంటు ఇచ్చే స్విచ్చి, అదే సోలినాయిడ్, ఒకటి ఎప్పుడూ ఉండాల్సిందే. పైపు పగిలేది తెల్లవారుజామున మూడింటికే. మూడింటికి ఏ షాపూ తీసి ఉండదు.

ఇంక పని ఎలా చేస్తామో. ఒక బ్యాంకు అనుకోండి. గోడ వారన ముందుకి తోస్తే మంచంతా తలుపుకి ఆనుకుంటుంది. అందుకని ముందు బ్లేడు గోడ దగ్గర దించి, వెనక్కి లాగుతాం. గోడకీ మంచుకీ మధ్య బండి పొడవంత ఖాళీ వచ్చాక బండి తిప్పి బయటికి తోస్తాం. కుప్ప ఎక్కడ పెట్టాలన్నది నవంబరులోనే యజమానితో తిరిగి, కర్రలు పాతి గుర్తు పెట్టుకుంటాం. ఫైరింజన్లు నీళ్లు పట్టుకునే కుళాయి, ఫైరు హైడ్రంటు, దాని మీద వేయకూడదు. వికలాంగుల పార్కింగు మీద వేయకూడదు. రోడ్డు మీదకి తోయడం చట్టవిరుద్ధం. పల్లం వైపు వేయాలి, ఎందుకంటే పగలు ఎండకి కుప్ప కరిగి నీళ్లు పారతాయి, రాత్రికి అవే గడ్డకట్టి అద్దంలా అవుతాయి. మెరక మీద కుప్ప పెట్టినవాడు రోజూ తన చేత్తో కొత్త జారుడుబండ తయారు చేస్తున్నట్టే. ఇంకోటి, మొదటి మంచుకే కుప్పని వీలైనంత దూరం తోసేయాలి. జనవరికి అది రాయిలా అయిపోతుంది, ఆ తర్వాత ఏ బ్లేడూ దాన్ని కదపలేదు, పార్కింగు రోజురోజుకీ ఇరుకవుతుంది.

సరే. ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం.

మా దగ్గర ముఖ్యంగా మూడు రకాల ఒప్పందాలు నడుస్తాయి. గంటకింత అని ఒకటి, మీకు తెలిసినదే. తోసిన ప్రతిసారికీ ఇంత అని ఇంకోటి. మూడోది సీజను మొత్తానికి ఒకే రేటు, నవంబరు నుంచి మార్చి దాకా నెలనెలా ఇస్తారు, మంచు పడినా పడకపోయినా.

వీటన్నిటికీ పునాది ఒక కొలత. రెండంగుళాలు పడితే బండి బయల్దేరుతుంది అని రాసుకుంటాం. ఆసుపత్రులైతే ఒక్క రేకు కూడా నిలవకూడదంటాయి. గోదావరి వాళ్లకి ఇది నేను వివరించక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె దాటితే ఎవరేం చేయాలో లంకల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నీళ్లు ఎక్కువొచ్చాయా తక్కువొచ్చాయా అని ఎవరూ వాదించుకోరు. మా రెండంగుళాలు కూడా అంతే.

కానీ ఆ రెండంగుళాలు ఎక్కడ కొలవాలి? ఇది చాలా పెద్ద తగవు. మా దగ్గర మంచు అంతటా ఒకేలా పడదు. నవంబరులో సరస్సు నీళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి. కెనడా వైపు నుంచి చలిగాలి ఆ నీళ్ల మీదుగా వచ్చి, ఆవిరి ఎత్తుకుని, ఒడ్డు దాటగానే ఒక సన్నటి పట్టీలాగా కుమ్మరిస్తుంది. 2014 నవంబరులో బఫెలో దక్షిణ శివార్లలో అయిదడుగులు, ఆరడుగులు, కొన్నిచోట్ల దాదాపు ఏడడుగులు పడింది. అదే సమయంలో నగరం ఉత్తరాన కొన్ని అంగుళాలే. 2022 నవంబరులో ఆర్చర్డ్ పార్క్ అనే శివారులో 80 అంగుళాలు. ఆ రెండుసార్లూ అక్కడి ఫుట్‌బాల్ మ్యాచిని డెట్రాయిట్‌కి మార్చారు. మరి "విమానాశ్రయంలో నమోదైన కొలత ప్రకారం" అని కాగితంలో రాసుకున్నవాడి సంగతేంటి? అతని సైటులో నడుముల్లోతు మంచు, విమానాశ్రయంలో చీలమండ దాకా. డబ్బు చీలమండ లెక్కనే వస్తుంది. అందుకని ఏ కొలత, ఎక్కడిది, ఎవరిచ్చింది అన్నది పేరుపెట్టి రాయించుకోవాలి.

ఇప్పుడు అసలు లెక్క. మినియాపాలిస్ అని మాకు పడమరన ఒక నగరం. అక్కడ చలికాలానికి సగటున 50 అంగుళాల పైచిలుకు పడుతుంది. 2022-23లో దాదాపు 90 అంగుళాలు పడింది. ఆ మరుసటి చలికాలం 30 కూడా దాటలేదు. అమెరికా ప్రధాన భూభాగానికి రికార్డుల్లోకెల్లా వెచ్చని చలికాలం 2023-24దే. మీరే చెప్పండి, అన్నీ సీజను ఒప్పందాలే చేసుకున్నవాడు 90 అంగుళాల ఏడు ఏమవుతాడు? డీజిలు, డ్రైవర్ల కూలి, ఉప్పు అన్నీ రెట్టింపు, వచ్చే డబ్బు మాత్రం అదే. మునిగిపోతాడు. ఆ నష్టం చూసి, మరుసటి ఏడు అన్నీ తోపుకింత లెక్కన మార్చేసుకున్నవాడు? 30 అంగుళాల ఏడు ఖాళీ బండి కడుక్కుంటూ కూర్చుంటాడు. కిస్తీ మాత్రం నెలనెలా వస్తుంది. నిన్నటి నష్టం చూసి ఇవాళ్టి ఒప్పందం మార్చేవాడు రెండుసార్లూ మునుగుతాడు.

మాలో నిలదొక్కుకున్నవాళ్లు సీజను డబ్బుతో కిస్తీలు, ఇన్సూరెన్సు, ఇద్దరు పాత డ్రైవర్ల జీతాలు వెళ్లిపోయేలా చూసుకుంటారు. అంతవరకే సీజను ఒప్పందాలు. మిగతావి తోపుకింత, అది మంచి ఏడు లాభం. పైగా సీజను ఒప్పందంలో ఒక హద్దు పెడతారు. ఇన్ని అంగుళాల దాకా ఈ రేటు, అది దాటితే అంగుళానికి ఇంత అదనం. తెలివైన స్థలం యజమాని కూడా తన వైపు నుంచి ఒకటి అడుగుతాడు, మంచు మరీ తక్కువ పడితే కొంత వాపసు. ఇవ్వండి. అలా ఇచ్చినవాడి దగ్గరే మరుసటి ఏడు కూడా ఉంటారు.

ఉప్పు గురించి రెండు ముక్కలు. మంచు తోసేశాక కింద మిగిలే గాజుపొరకి రాళ్ల ఉప్పు చల్లుతాం. నిజం చెప్పాలంటే తోయడం కన్నా చల్లడంలోనే లాభం ఎక్కువ. డెట్రాయిట్ నగరం కింద, క్లీవ్‌లాండ్ దగ్గర ఈరీ సరస్సు అడుగున ఉప్పు గనులున్నాయి, అక్కడి నుంచే వస్తుంది. సుమారు మైనస్ 9 డిగ్రీల దాకా బాగా పనిచేస్తుంది. ఇంకా చలైతే కాల్షియం క్లోరైడు కలపాలి. ఉప్పు ఆగస్టులోనే కొని టార్పాలిన్ కప్పి పెట్టుకోవాలి. జనవరిలో అందరికీ కావాలి, అప్పుడు లోడు దొరకడమే గగనం. ఇంక ఆ ఉప్పు ట్రక్కు ఛాసిస్‌ని ఏం చేస్తుందో రొయ్యల లోడు తోలేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ట్రేల నుంచి కారిన ఉప్పునీళ్లు మీ బండి అడుగు ఎలా తినేస్తున్నాయో అంతే. పని అయిన ప్రతిసారీ కింద నుంచి కడగాలి. ఎవరూ కడగరు. (నవ్వులు)

మాకు మంచు కన్నా భయం మనిషి జారిపడటం. క్లినిక్కు ముందు ఓ పెద్దావిడ జారి తుంటి విరగ్గొట్టుకుంటే కేసు క్లినిక్కు మీద, దానితోపాటు నా మీద. న్యూయార్క్ రాష్ట్రంలో అలాంటి కేసు వేయడానికి మూడేళ్ల గడువుంది. మూడేళ్ల కిందటి ఓ మంగళవారం తెల్లవారుజామున ఏ సైటుకి ఎన్నింటికి వెళ్లానో నేను చూపించాలి. అందుకే మా డ్రైవర్లు పని మొదలెట్టేముందు ఒక ఫోటో, అయ్యాక ఒక ఫోటో తీస్తారు, టైము పడేలా. ఎంత ఉప్పు చల్లారో రాస్తారు. కొందరు యజమానులు తమ తప్పుకి కూడా కాంట్రాక్టరే బాధ్యుడని ఒప్పందంలో ఇరికిస్తారు. అది అన్యాయమని ఇల్లినాయిస్ రాష్ట్రం 2016లో చట్టం చేసి అలాంటి షరతులు చెల్లవంది. అన్ని రాష్ట్రాల్లో ఆ చట్టం లేదు. కాబట్టి సంతకం పెట్టేముందు లాయరుకి చూపించడం తప్పనిసరి ఖర్చు. దళారి కంపెనీలు కూడా ఉన్నాయి. దేశమంతటి దుకాణాల కాంట్రాక్టు వాళ్లు తీసుకుని మనకి ముక్కలుగా పంచుతారు. వాటిలో ఒకటి నాకు డబ్బు మే నెల దాకా తేల్చలేదు, పైగా ఒక రాత్రి ఫోటో సరిగా రాలేదని కోత పెట్టింది. అలాంటి పని మిగతా బండ్లకి పని లేనప్పుడే.

ఇంక మన సంగతి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను గుర్తుంది కదా? సార్వా మాసూళ్లు సగంలో ఉండగా హెచ్చరిక వచ్చింది. అందరికీ ఒకే రోజు మిషను కావాలి. నేల మెత్తబడితే టైరు మిషను దిగబడుతుంది, చైను మిషనే కావాలి. అప్పుడు గంట రేటు పెరుగుతుంది, రైతు తిట్టుకుంటూ ఇస్తాడు. ఆ నాలుగు రోజుల సంపాదన చూసి ఇంకో మిషను ఫైనాన్సులో తెచ్చుకున్నవాళ్లు ఈ హాల్లో ఉన్నారా? చేతులెత్తొద్దు లెండి. (నవ్వులు) నా లెక్కలో అది 90 అంగుళాల ఏడు చూసి ట్రక్కు కొనడం.

రొయ్యల బండ్లదీ అంతే. ఒక కయ్యలో వైట్ స్పాట్ రోగం కనపడిందంటే చుట్టుపక్కల చెరువులన్నీ ఆ రాత్రే పట్టుబడికి దిగుతాయి. అర్ధరాత్రి పికప్పుకి ఫోను మీద ఫోను. మిగతా వారమంతా బండి సెంటర్లో నిలబడి ఉంటుంది. ఇక్కడ సీజను ఒప్పందం కుదురుతుందనే నా నమ్మకం. ఎవరితో? రైతుతో కాదు. ప్రాసెసింగ్ ప్లాంటుతో, పెద్ద కొనుగోలుదారుతో. వాళ్లకి రొయ్య పాడైతే కౌంటుతో, అంటే కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్కతో, పని లేదు, సరుకే పోతుంది. "ఫోను చేసిన గంటలో రెండు బండ్లు, ఐసుతో సహా, మీ కోసం సిద్ధం. దానికి నెలకింత. తోలిన ప్రతి ట్రిప్పుకీ విడిగా ఇంత." ఈ మాట ఎవరైనా వాళ్లని అడిగారా?

(ఒక పెద్దాయన) బాబూ, ఆ మంచు పని మా మనవడు చేయొచ్చా? వచ్చే ఏడు చదువుకి వెళ్తున్నాడు.

ఆయ్, చేయకూడదు బాబాయి గారూ. స్టూడెంటు వీసా మీద వెళ్లినవాడు అనుమతి లేకుండా బయట పని చేస్తే వీసాకే ముప్పు. రాత్రిపూటే కదా, ఎవరు చూస్తారని మనవాళ్లే ఎవరో చెప్తారు, వినొద్దనండి.

(ఒక మిషను యజమాని) అన్నా, నువ్వు చెప్పింది బాగానే ఉంది. కానీ మాకు రైతే గిరాకీ. కోతకి ముందే డబ్బులిమ్మంటే, పోరా అని తమిళనాడు నుంచి వచ్చే మిషను పిలుస్తాడు. ఏం చేయమంటావు?

కౌలురైతుని అడగొద్దు తమ్ముడూ. అతని చేతిలో కోత అయ్యేదాకా పైసా ఉండదు, పైగా తుపాను నష్టం మొదట పడేది అతని మీదే. అతనికి గంట లెక్కే ఉంచు. కానీ మీ ఊళ్లో పది పదిహేనుమంది పక్కపక్క చేలవాళ్లు కలిసి వంద ఎకరాలు అయ్యారనుకో, వాళ్లతో ఒక కాగితం రాసుకోవచ్చు. తుపాను వచ్చినా రేటు ఇంత మించి పెంచను, నా మిషను ముందు మీ చేలల్లోనే దిగుతుంది. దానికి బదులు మీ వంద ఎకరాలూ నాకే ఇవ్వాలి, వేరే మిషను పిలవకూడదు. నీకు ముందు డబ్బు రాదు, ఎకరాలు ఖాయమవుతాయి. తుపాను నాలుగు రోజుల్లో వచ్చే పైడబ్బు వదులుకుంటావు. తుపాను లేని ఏడు కూడా వంద ఎకరాలుంటాయి.

రేటు ఎప్పటి నుంచి మారుతుందో దానికి కూడా ఒక అంకె పెట్టుకోండి. "వాన పడితే" అని రాయొద్దు. మీ మండలంలో ఇన్ని మిల్లీమీటర్లు నమోదైతే అని రాయండి, ఆ నమోదు ఎవరిదో రాయండి. ఇంకా ముఖ్యం, ఈ మాట వినాయక చవితి ముందే కదపండి. నేను కూడా ఒప్పందాలన్నీ ఎండాకాలంలోనే, గడ్డి కోస్తున్నప్పుడే మాట్లాడతాను. కంకి పాలు పోసుకున్నాక వెళ్లి అడిగితే, వాళ్ల చూపు మీ కాగితం మీద ఉండదు, మబ్బు మీద ఉంటుంది. ఆ వెనక బ్రదరు ఏదో అడుగుతున్నారు, మైకు ఇవ్వండి.